మధ్యలో మనిషి: స్టాన్లీ మిల్‌గ్రామ్ జీవితం

సైకాలజీ చదివేవాళ్ళకి స్టాన్లీ మిల్‌గ్రామ్ అంటే కరెంటు షాక్‌ల ప్రయోగం. మిగతావాళ్ళకి, ప్రపంచంలో ఎవరి నుంచి ఎవరికైనా ఆరుగురు దాటితే చేరిపోవచ్చు అనే మాట. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి మాత్రం ఆయన పేరు సిలబస్‌లో ఎక్కడా తగలదు. నాకు తగిలింది మొబైల్ నెట్‌వర్క్స్ మీద పేపర్లు చదువుతుంటే. టవర్ లేకుండా, సర్వర్ లేకుండా ఫోన్లు తమలో తాము డేటా ఎలా పంచుకోవాలి అనేది ఆ పేపర్ల విషయం. ఒక పేపర్ తీస్తే వెనక రిఫరెన్సుల్లో మిల్‌గ్రామ్, ఇంకోటి తీస్తే అందులోనూ మిల్‌గ్రామ్. 1984లోనే చనిపోయిన సైకాలజీ ప్రొఫెసర్‌కి బ్లూటూత్‌తో ఏం పని? అది తెలుసుకుందామని మొదలుపెడితే చివరికి ఆయన జీవితం మొత్తం చదివాను. చదివాక తెలిసింది ఏంటంటే, షాక్‌ల ప్రయోగం, ఉత్తరాల ప్రయోగం రెండూ నిజానికి ఒకే ప్రశ్న.

ముందు ఆ నెట్‌వర్క్ సంగతి కాస్త చెప్తాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద పడ్డప్పుడు సెల్ సిగ్నల్స్ పోయాయి. మన జేబులో ఫోన్ ఉంటుంది, పక్కింటివాళ్ళ జేబులోనూ ఉంటుంది, కానీ టవర్ పడిపోతే రెండూ మూగవే. నిజానికి పక్కపక్కన ఉన్న రెండు ఫోన్లు బ్లూటూత్‌తోనో వైఫైతోనో నేరుగా మాట్లాడుకోగలవు. అలాంటప్పుడు నా మెసేజ్‌ని మీ ఫోన్ తీసుకుని, దాచుకుని, మీరు ఎక్కడికెళ్తే అక్కడికి మోసుకెళ్ళి, దారిలో ఎదురైన మూడో ఫోన్‌కి అందించొచ్చు. దీన్నే ఆపర్చునిస్టిక్ నెట్‌వర్క్ అంటారు. అవకాశం దొరికినప్పుడు చేతులు మార్చడం అన్నమాట.

చిక్కల్లా ఒక్కటే. ఎదురైన ప్రతి ఫోన్‌కీ కాపీ ఇచ్చేస్తే బ్యాటరీ అయిపోతుంది, మెమరీ నిండిపోతుంది. ఎవరికీ ఇవ్వకపోతే మెసేజ్ చేరదు. మరి ఎవరికివ్వాలి? ఫోన్‌ని మోసేది మనిషి కాబట్టి ఆ మనిషి ఎవరితో తిరుగుతాడు, ఎవరిని ఎన్నిసార్లు కలుస్తాడు అనేది చూసి ఇవ్వాలి. ఈ పనిని ఫోన్లు లేని రోజుల్లో పోస్టు కవర్లతో చేసి కొలిచినవాడు మిల్‌గ్రామ్.

ఆయన 1933 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టాడు. తండ్రి శామ్యూల్ హంగరీ నుంచి, తల్లి అడెల్ రొమేనియా నుంచి వలస వచ్చిన యూదులు. బేకరీ పని మీద బతికిన కుటుంబం. ముగ్గురు పిల్లల్లో స్టాన్లీ రెండోవాడు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్నప్పుడు చిన్నపిల్లాడు, కానీ యుద్ధం ఆ ఇంటికి దూరంగా లేదు. నాజీ క్యాంపుల నుంచి బతికి బయటపడ్డ బంధువులు యుద్ధం తర్వాత కొన్నాళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నారు. వాళ్ళ చేతుల మీద క్యాంపులో పొడిచిన పచ్చబొట్టు నంబర్లు ఉండేవి. మామూలు మనుషులు ఇంత పని ఎలా చేశారు అన్న ప్రశ్న ఆయనకి పుస్తకాల్లోంచి కాకుండా ఇంట్లోంచే వచ్చింది.

జేమ్స్ మన్రో హైస్కూల్లో చదివాడు. అదే క్లాసులో ఫిలిప్ జింబార్డో అనే ఇంకో కుర్రాడు ఉండేవాడు. 1971లో స్టాన్‌ఫోర్డ్ జైలు ప్రయోగం చేసింది ఆ జింబార్డోనే. మిల్‌గ్రామ్ 1954లో క్వీన్స్ కాలేజీలో పొలిటికల్ సైన్స్ డిగ్రీ పూర్తి చేశాడు. తర్వాత హార్వర్డ్‌లో పిహెచ్‌డికి అప్లై చేస్తే, సైకాలజీ ఒక్క సబ్జెక్టు కూడా చదవలేదని ముందు కుదరదన్నారు. ఆయన వదల్లేదు. ఆ ఒక్క వేసవిలోనే న్యూయార్క్‌లో మూడు కాలేజీలు తిరిగి ఆరు కోర్సులు పూర్తి చేసి, ఆ సంవత్సరమే హార్వర్డ్‌లో చేరాడు. బ్రిడ్జ్ కోర్సు అంటే భయపడే మనకి ఇది కాస్త ఎక్కువే అనిపిస్తుంది.

హార్వర్డ్‌లో ఆయన గైడ్ గోర్డన్ ఆల్‌పోర్ట్. కొంతకాలం సోలమన్ యాష్‌ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేశాడు. గదిలో ఉన్న మిగతావాళ్ళంతా తప్పు గీతని సరైనదంటే ఒక్కడు కూడా వాళ్ళతో ఊ కొడతాడా అని పరీక్షించినవాడు యాష్. మిల్‌గ్రామ్ ఆ ఆలోచనని నార్వేకీ ఫ్రాన్స్‌కీ తీసుకెళ్ళాడు. గీతల బదులు శబ్దాలు పెట్టాడు. పక్క గదుల్లో ఇంకో ఐదుగురు ఉన్నారని నమ్మించాడు, కానీ వినపడేవన్నీ టేపు మీద రికార్డు చేసిన గొంతులు. ఫ్రాన్స్ వాళ్ళకంటే నార్వే వాళ్ళు ఎక్కువగా గుంపుతో పోయారని తేలింది. 1960లో పిహెచ్‌డి వచ్చింది, ఆ సంవత్సరమే యేల్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాడు.

1961 ఏప్రిల్‌లో జెరూసలేంలో అడాల్ఫ్ ఐక్‌మన్ విచారణ మొదలైంది. యూదుల్ని క్యాంపులకి తరలించే ఏర్పాట్లు చూసిన నాజీ అధికారి అతను. పై నుంచి వచ్చిన ఆర్డర్లే పాటించానన్నది అతని వాదన. అదే సంవత్సరం ఆగస్టులో మిల్‌గ్రామ్ యేల్‌లో తన ప్రయోగం మొదలుపెట్టాడు. జ్ఞాపకశక్తి మీద పరిశోధన అని ప్రకటన ఇచ్చి న్యూ హేవెన్ ఊళ్ళో మామూలు జనాన్ని పిలిచాడు. వచ్చినందుకు నాలుగున్నర డాలర్లు. వచ్చినవాళ్ళని టీచర్ కుర్చీలో కూర్చోబెట్టి, పక్క గదిలో ఉన్న మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా షాక్ ఇమ్మన్నారు. ముందున్న మిషన్ మీద 30 స్విచ్‌లు, 15 వోల్టుల నుంచి 450 దాకా. పక్క గదిలో మనిషి నటుడు, షాక్ నిజం కాదు. ఆ సంగతి టీచర్‌కి తెలియదు. 1963లో అచ్చయిన మొదటి పేపర్ ప్రకారం 40 మందిలో 26 మంది చివరి స్విచ్ దాకా వెళ్ళారు.

ఈ 26 అనే అంకె అందరికీ తెలిసిందే. నన్ను ఆపింది మాత్రం అంతగా ఎవరూ చెప్పని ఇంకో రకం. మిల్‌గ్రామ్ ఇదే ప్రయోగాన్ని చాలా రకాలుగా మార్చి చేశాడు. ఒకదాంట్లో పిలిచిన మనిషి స్విచ్ నొక్కక్కర్లేదు. స్విచ్ నొక్కేది వేరే అతను. ఈయన పని మధ్యలో ఇంకేదో చిన్న పని, ప్రశ్నలు చదవడం లాంటిది. అప్పుడు 40 మందిలో 37 మంది చివరిదాకా ఆగకుండా చేశారు. ఇంకో రకంలో పక్కన కూర్చున్న ఇద్దరు మధ్యలో లేచి మేం చెయ్యం అనేశారు. అప్పుడు చివరిదాకా వెళ్ళింది 40 మందిలో నలుగురే. మనుషులు అదే ఊరివాళ్ళు, మిషన్ అదే. మధ్యలో ఎక్కడ కూర్చోబెట్టారు, పక్కవాళ్ళు ఏం చేశారు అన్నదే తేడా.

దీని మీద పెద్ద గొడవ జరిగింది. పాల్గొన్నవాళ్ళని మోసం చేసి అంత మానసిక ఒత్తిడికి గురిచెయ్యడం తప్పని డయానా బౌమ్‌రిండ్ 1964లో రాసింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఆయన సభ్యత్వం దరఖాస్తుని సుమారు ఏడాది పక్కన పెట్టింది. తర్వాతి కాలంలో యేల్‌లో దాచిన టేపులు విన్నవాళ్ళు, ప్రయోగం చేయించిన మనిషి చాలాసార్లు రాసుకున్న మాటలు దాటి బలవంతపెట్టాడని, షాక్ నిజం కాదేమోనని కొందరికి అనుమానం వచ్చిందని కూడా బయటపెట్టారు. ఇవన్నీ తీసేసి మిల్‌గ్రామ్‌ని హీరోగా చూపించడం కుదరదు. కానీ తర్వాత ఆయన చేసిన ప్రయోగాల్లో ఎవరినీ అలా కుర్చీలో కూర్చోబెట్టి ఏడిపించలేదు. వీధుల్లోకి వెళ్ళాడు, పోస్టాఫీసుని వాడుకున్నాడు.

అలాంటి వాటిలో ముందుది పారేసిన ఉత్తరాల ప్రయోగం. 1963లో న్యూ హేవెన్‌లో 400 ఉత్తరాలు వీధుల్లో, షాపుల్లో, ఫోన్ బూతుల్లో, కార్ల వైపర్ల కింద వదిలేశారు. అన్నిటికీ స్టాంపు అంటించి ఉంది, లోపల ఉత్తరం కూడా ఒకటే. పైన అడ్రస్ మాత్రం నాలుగు రకాలు, ఒక్కో రకానికి 100. వైద్య పరిశోధన సంస్థ పేరున్నవి 72 పోస్టులో చేరాయి. ఒక మామూలు వ్యక్తి పేరున్నవి 71 చేరాయి. నాజీ పార్టీ మిత్రులు అని రాసినవి 25, కమ్యూనిస్టు పార్టీ మిత్రులు అని రాసినవి 25. నెట్‌వర్క్స్ భాషలో చెప్పాలంటే, ప్యాకెట్ లోపల ఏముందో ఎవరూ చూడలేదు, హెడర్ చూసి డ్రాప్ చేశారు. దొరికిన ఉత్తరం పోస్టు డబ్బాలో వెయ్యడానికి ఎవరికీ పైసా ఖర్చు లేదు, వెయ్యకపోతే అడిగేవాళ్ళూ లేరు. మధ్యలో ఉన్న మనిషి ఒంటరిగా, ఎవరూ చూడనప్పుడు తీసుకున్న నిర్ణయం అది.

అదే 1963లో మిల్‌గ్రామ్ హార్వర్డ్‌కి తిరిగొచ్చాడు. అప్పటికి అలెగ్జాండ్రాతో పెళ్ళయింది. తర్వాత ఇద్దరు పిల్లలు, మిషెల్, మార్క్. హార్వర్డ్‌లో 680 డాలర్ల చిన్న గ్రాంటుతో ఆయన చేసిన పనే మన పేపర్లలో కనిపించే స్మాల్ వరల్డ్ ప్రయోగం.

పద్ధతి చాలా సింపుల్. కాన్సస్ రాష్ట్రంలోనో నెబ్రాస్కా రాష్ట్రంలోనో ఒక మనిషికి ఒక కవరు ఇస్తారు. అది చేరాల్సిన మనిషి దాదాపు 2,000 కిలోమీటర్ల అవతల మసాచుసెట్స్‌లో ఉంటాడు. అతని పేరు, ఊరు, ఉద్యోగం లాంటి వివరాలు కవర్లో ఉంటాయి. అతను మీకు స్వయంగా తెలిస్తేనే నేరుగా పంపాలి. తెలియకపోతే, మీకు పేరు పెట్టి పిలిచేంత పరిచయం ఉన్నవాళ్ళలో అతనికి దగ్గరవాళ్ళు ఎవరై ఉంటారో ఆలోచించి వాళ్ళకి పంపాలి. కవర్లో ఒక లిస్టు ఉంటుంది, చేతులు మారిన ప్రతివాళ్ళూ అందులో పేరు రాయాలి. ఆ లిస్టు చూస్తే కవరు ఇప్పటికే చూసినవాళ్ళకి మళ్ళీ వెళ్ళదు. ఇంకా కొన్ని పోస్టుకార్డులు ఉంటాయి, పంపిన ప్రతిసారీ ఒకటి హార్వర్డ్‌కి వెయ్యాలి. అంటే లూప్ రాకుండా పాత్ లిస్ట్, ప్రతి హాప్‌కీ ఒక అక్నాలెడ్జ్‌మెంట్. కవరు ఎక్కడ ఆగిపోయిందో కూడా తెలుస్తుంది. ఏ నోడ్‌కీ మొత్తం మ్యాప్ తెలియదు, తన పక్కవాళ్ళు మాత్రమే తెలుసు. మనం ఇవాళ రౌటింగ్ ప్రోటోకాల్ అని దేన్నంటామో అది 1960ల్లో కాగితం మీద, పోస్టు స్టాంపుతో నడిచింది.

కాన్సస్ నుంచి మొదటి కవరు నాలుగు రోజుల్లో చేరింది. గోధుమ రైతు ఒకాయన తన ఊరి చర్చి ఫాదర్‌కి ఇచ్చాడు. ఆయన కేంబ్రిడ్జ్‌లో పాఠాలు చెప్పే ఇంకో ఫాదర్‌కి పంపాడు. ఆయన చేరాల్సిన ఆవిడ చేతిలోనే పెట్టాడు. మధ్యలో ఇద్దరే. నెబ్రాస్కాలోని ఒమాహా నుంచి 160 కవర్లు బయల్దేరితే 44 బోస్టన్‌లో పనిచేసే ఒక షేర్ల బ్రోకర్‌కి చేరాయి, మధ్యలో ఉన్నవాళ్ళ మీడియన్ ఐదుగురు. ఇవి 1967లో సైకాలజీ టుడే మొదటి సంచికలో అచ్చయ్యాయి. 1969లో జెఫ్రీ ట్రావర్స్‌తో కలిసి రాసిన పేపర్లో 296 మందితో మొదలైతే 217 మంది పంపారు, 64 చేరాయి, సగటున మధ్యలో 5.2 మంది. ఆరు అనే అంకె ఇక్కడి నుంచే వచ్చింది. ఆరు మెట్ల దూరం అన్న పేరు మాత్రం ఆయన పెట్టింది కాదు. అది ఆయన పోయాక, 1990లో వచ్చిన జాన్ గ్వేర్ నాటకంతో జనంలోకి వెళ్ళింది.

మన పేపర్లకి కావాల్సింది ఆ ఆరు కూడా కాదు. ఆ 64లో 24 కవర్లు బ్రోకర్ ఇంటి అడ్రస్‌కి చేరాయి. ఆ 24లో 16 ఒక్క మనిషి చేతుల మీదుగా వచ్చాయి, ఆ ఊళ్ళో బట్టల వ్యాపారి. అంటే అందరూ సమానమైన నోడ్స్ కాదు. ప్రతి ఊళ్ళోనూ ఎవరిని అడిగినా చివరికి ఆయన దగ్గరికే పంపే మనిషి ఒకడుంటాడు. మన కాలేజీలో కూడా ఏ నోట్స్ కావాలన్నా ఒకరిద్దరి దగ్గరికే వెళ్తాం కదా. 2007లో ఎలిజబెత్ డాలీ, మాడ్స్ హార్ ప్రతిపాదించిన సిమ్‌బెట్ పద్ధతిలో, ఎదురైన ఫోన్ ఎన్ని గుంపుల్ని కలుపుతోంది, చేరాల్సినవాళ్ళ స్నేహితులతో దానికి ఎంత పోలిక ఉంది అని చూసి మెసేజ్ ఇస్తారు. 2008లో పాన్ హుయి, జాన్ క్రోక్రాఫ్ట్, ఐకో యోనెకి చేసిన బబుల్ ర్యాప్‌లో, మెసేజ్ ముందు ఊరందరికీ తెలిసిన ఫోన్ల మీదుగా పైకెళ్ళి, చేరాల్సిన గుంపు తగలగానే ఆ గుంపులో అందరికీ తెలిసిన ఫోన్ల మీదుగా వెళ్తుంది. కవరు బట్టల వ్యాపారి దగ్గరికి వెళ్ళిన దారి అదే.

హార్వర్డ్‌లో ఆయనకి పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు. షాక్‌ల ప్రయోగం గురించిన గొడవ కూడా అందుకు ఒక కారణమని చెప్తారు. 1967లో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ సెంటర్‌కి నేరుగా ప్రొఫెసర్‌గా వెళ్ళాడు, చివరిదాకా అక్కడే ఉన్నాడు. పుట్టిన ఊరికి వచ్చాక ఆ ఊరినే ల్యాబ్ చేసుకున్నాడు. సిటీ మనిషి పక్కవాడిని పట్టించుకోకపోవడం గుండె రాయి అయిపోయి కాదు, రోజూ మీద పడే మనుషులు, శబ్దాలు, పనులు మెదడు పట్టనంత ఎక్కువై, వేటిని వదిలెయ్యాలో ఎంచుకోవాల్సి రావడం వల్ల అని 1970లో సైన్స్ పత్రికలో రాశాడు. మెమరీ తక్కువున్న ఫోన్ ఏ డేటా ఉంచుకోవాలి, ఏది వదిలెయ్యాలి అనేది కూడా అచ్చంగా ఇదే సమస్య. మనిషి మెదడు వాడే షార్ట్‌కట్‌లనే ఫోన్లకి నేర్పిద్దామని ఇప్పుడు ప్రయత్నించేవాళ్ళున్నారు.

1972లో ఇంకో మంచి విషయం రాశాడు. రోజూ ఒకే స్టేషన్‌లో ఒకే టైముకి రైలెక్కేవాళ్ళని ఆయన స్టూడెంట్స్ ఫొటో తీసి, తర్వాత అదే ఫొటో వాళ్ళకే పంచి, ఇందులో ఎవరెవరు మీకు తెలుసని అడిగారు. ముఖం తెలిసి, ఎప్పుడూ ఒక్క మాట కూడా మాట్లాడనివాళ్ళు సగటున నలుగురున్నారు. వాళ్ళకి ఫెమిలియర్ స్ట్రేంజర్స్ అని పేరు పెట్టాడు, తెలిసిన అపరిచితులు అనొచ్చు. రోజూ బస్సులో మన ఎదుటి సీట్లో కూర్చునే ఆ అంకుల్ అన్నమాట. బబుల్ ర్యాప్ పేపర్‌లో ఫోన్ల మధ్య కలయికల్ని నాలుగు రకాలు చేశారు. ఎక్కువసార్లు, ఎక్కువసేపు కలిస్తే ఒకే గుంపు. తక్కువసార్లు, ఎక్కువసేపు అయితే స్నేహితులు. రెండూ తక్కువైతే అపరిచితులు. ఎక్కువసార్లు కానీ కాసేపే అయితే తెలిసిన అపరిచితులు. మనుషుల మధ్య మాట లేకపోయినా జేబుల్లోని ఫోన్లు రోజూ పలకరించుకోగలవు.

మిల్‌గ్రామ్ ఇంకో పని చేయించాడు. సబ్‌వే రైల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గరికెళ్ళి, ఏ కారణమూ చెప్పకుండా సీటు ఇస్తారా అని అడగమన్నాడు. అడిగినవాళ్ళలో 68 శాతం మంది లేచారు, లేదా జరిగారు. కానీ అడగడానికి స్టూడెంట్స్‌కి గుండె ఆగినంత పనైంది. సరే అని ఆయనే వెళ్తే మాట గొంతులోనే ఆగిపోయింది. చివరికి అడిగి కూర్చున్నాక, ఆ సీటుకి న్యాయం చెయ్యడానికి జబ్బు మనిషిలా మొహం పెట్టాల్సొచ్చింది. సాయం చేసేవాళ్ళు మనం అనుకున్నదానికంటే ఎక్కువమందే. అడగడమే కష్టం.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు పేపర్లలో అంతగా కనిపించని సంగతి. 1970లో చార్ల్స్ కోర్టేతో కలిసి మిల్‌గ్రామ్ మళ్ళీ కవర్లు పంపాడు. ఈసారి మొదలుపెట్టింది లాస్ ఏంజెలెస్‌లోని తెల్లవాళ్ళు, చేరాల్సింది న్యూయార్క్‌లోని 18 మందికి, వాళ్ళలో సగం తెల్లవాళ్ళు, సగం నల్లవాళ్ళు. తెల్లవాళ్ళకి పంపినవాటిలో 33 శాతం చేరాయి. నల్లవాళ్ళకి పంపినవాటిలో 13 శాతమే చేరాయి. దారి దగ్గరదే, కానీ గోడ దగ్గర ఆగిపోయింది.

మనుషుల్ని చూసి నేర్చుకునే నెట్‌వర్క్ అంటే వినడానికి చాలా బాగుంటుంది. కానీ మనుషుల్ని చూసి నేర్చుకుంటే ఇది కూడా నేర్చుకుంటుంది. మన పల్లెల్లో ఊరు వేరు, వాడ వేరు. ఎవరు ఎవరితో తిరుగుతారన్నది లెక్కేసి మెసేజ్ పంపే ప్రోటోకాల్‌ని అలాంటి చోట తుఫాను రోజున వదిలితే, సాయం ఎక్కడుందన్న మెసేజ్ ఊళ్ళో పది నిమిషాల్లో తిరిగేసి వాడకి రాకుండా ఆగిపోవచ్చు. పైగా సగటు డెలివరీ శాతం మాత్రం గ్రాఫ్‌లో బాగానే కనిపిస్తుంది. అంతేకాదు, ఎవరు మంచి మోతగాడో తెలియాలంటే నేను రోజూ ఎవరిని ఎంతసేపు కలుస్తున్నానో నా ఫోన్ రాసుకోవాలి. ఆ లిస్టు నా ఫోటోల కంటే ప్రైవేటు.

స్మాల్ వరల్డ్ మీద కూడా తర్వాత ప్రశ్నలొచ్చాయి. 2002లో జుడిత్ క్లైన్‌ఫెల్డ్ యేల్‌లో ఉన్న ఆయన కాగితాలు వెతికి, కాన్సస్ నుంచి బయల్దేరిన 60 కవర్లలో చేరినవి మూడే అని రాసింది. నాలుగు రోజుల్లో చేరిన కవరు కథ అందరికీ తెలుసు, మిగతా 57 సంగతి ఎవరూ చెప్పలేదు. 2003లో పీటర్ డాడ్స్, రోబీ ముహమద్, డంకన్ వాట్స్ ఇదే పనిని ఈమెయిల్‌తో చేశారు. 24,163 గొలుసులు మొదలైతే చేరినవి 384. ఎందుకు పంపలేదని అడిగితే, ఎవరికి పంపాలో తోచలేదన్నవాళ్ళు లెక్కలోకి రానంత తక్కువ. దారి లేక కాదు, మధ్యలో మనిషికి అక్కర్లేక ఆగిపోయాయి. చిన్న దారి ఉండటం ఒకటి, పక్కవాళ్ళు మాత్రమే తెలిసిన మనిషి దాన్ని కనుక్కోగలగడం ఇంకోటి అని జాన్ క్లైన్‌బర్గ్ 2000లో లెక్కతో చూపించాడు. మూడోది కూడా ఒకటుంది, కనుక్కున్నాక మొయ్యాలనిపించడం. దానికి ఫార్ములా లేదు.

1974లో షాక్‌ల ప్రయోగం మీద ఒబీడియన్స్ టు అథారిటీ అనే పుస్తకం వచ్చింది. జీవితమంతా ఆయన్ని ఆ ఒక్క ప్రయోగంతోనే గుర్తుపట్టారు. చివరి ఏళ్ళలో గుండె జబ్బు వచ్చింది, ఒకదాని తర్వాత ఒకటి గుండెపోట్లు వచ్చినా పాఠాలు మానలేదు. 1984 డిసెంబర్ 20న కూడా ఒక స్టూడెంట్ పిహెచ్‌డి డిఫెన్స్‌లో కూర్చున్నాడు. ఆ రోజే గుండెపోటుతో చనిపోయాడు. అప్పటికి 51 ఏళ్ళు.

నేను మొదట్లో ఒకే ప్రశ్న అన్నది ఇదే. పై నుంచి ఏదో వస్తుంది, కిందకి ఎవరికో వెళ్ళాలి, మధ్యలో ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి ఏం చేస్తాడు? షాక్‌ల గదిలో ఆపాల్సినప్పుడు 37 మంది ఆపలేదు. కవర్ల ప్రయోగంలో మొయ్యాల్సినప్పుడు 296 మందితో మొదలైన గొలుసుల్లో 232 మధ్యలోనే తెగిపోయాయి. రెండు చోట్లా ఆ మనిషి అనుకున్నది ఒక్కటే, ఇందులో నా బాధ్యత ఏముంది అని. మనకి ఇది కొత్త కాదు. వాట్సాప్‌లో వచ్చింది వచ్చినట్టు పంపాం అంతే అంటాం. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకార్లు అలాగే పాకి దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపాక, 2018 జులైలో వాట్సాప్ ఇండియాలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ చేసేలా హద్దు పెట్టింది. మనుషులు ఆగలేదు కాబట్టి కోడ్ ఆపాల్సొచ్చింది.

టవర్ లేని నెట్‌వర్క్‌లో హద్దు పెట్టడానికి మధ్యలో కంపెనీ ఉండదు. ఏది మొయ్యాలి, ఏది ఆపాలి అన్నది ప్రతి ఫోన్ సొంతంగా తేల్చుకోవాలి. ఆ ఫోన్‌లో ఉండే ఫార్వర్డ్ ఫంక్షన్ రాసేది రేపు మనలో ఎవరో ఒకరు. దాన్ని టెస్ట్ చేసేటప్పుడు చేరిన 64 కవర్ల సగటుతో పాటు చేరని 232 ఎవరి అడ్రస్‌కి వెళ్ళాల్సినవో కూడా ప్రింట్ చేసి చూడండి.